నీళ్ళు లేని కట్ట

బస్సు మలుపు తిరగ్గానే కొండల మీద అదంతా ఒక్కసారే కనబడింది. జమ్లి కిటికీ అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచి చూసింది. ఒక కొండ ఎక్కి, దిగి, ఇంకో కొండ ఎక్కి, మంచులో కలిసిపోయేదాకా రాతి పని. తృప్తిగా చూసి వెనక సీటు వైపు తిరిగింది.

"ఆదినారాయణా, కట్ట మంచిగనే ఉన్నది గానీ, చెరువేది?"

ఆదినారాయణ భద్రాచలం అవతల అడవి ఊళ్ళో వెదురు బుట్టలు, చేటలు అల్లే కోయవాడు. ఆ బస్సులో ఉన్న ఏడుగురు పనివాళ్ళలో జమ్లితో మనసు విప్పి మాట్లాడేది అతనొక్కడే. మంకీ క్యాప్ పైకి తోసుకుని నవ్వాడు.

"చెరువు లేదక్కా. ఇది గోడ. చైనా గోడంటే ఇదేనంట. పొద్దుగాల మేడం చెప్పలే?"

"మేడం అందరికీ కలిపి ఇంగ్లీషుల చెప్పింది. నాకేం సమజైతది."

నవ్వకండి. ముప్పై ఏళ్ళు మట్టి మోసిన మనిషి ఆమె. కల్లూరు దిక్కున చెరువు కట్టలు పోసింది, ఎర్రుపాలెం దిక్కున కాల్వ గట్లు పోసింది. కొండల పొడుగునా రాయి మీద రాయి పేర్చారంటే దాని వెనక నీళ్ళుండాలి, నీళ్ళుంటే కింద పొలం ఉండాలి. ఉత్త పుణ్యానికి అంత చాకిరీ ఎవరు చేస్తారు? చదువుకున్నవాళ్ళు బోలెడుమంది ఆ గోడ చూసొచ్చారు, ఒక్కరికైనా ఆ ప్రశ్న తట్టిందేమో అడగండి.

అది తొంభై మూడు జనవరి. చేతిపనులవాళ్ళని దేశాలు తిప్పి చూపించే సంస్థ ఒకటి ఆ ఏడు ఏడుగురిని చైనాకు తీసుకుపోయింది. ఖమ్మం అడవి అంచున ఉన్న రాళ్ళవాగు తండా నుంచి జమ్లిని ఎంచింది. లంబాడీ కుట్టులో ఆమెది చెయ్యి తిరిగిన పని. ఆమె అద్దం చుట్టూ దారం తిప్పిందంటే గుడ్డ చినగాలి గానీ అద్దం ఊడదు. వారం రోజులుగా బీజింగులో పెద్ద హాల్లో కూర్చోబెట్టి కుట్టించారు. జనం వచ్చి వంగి చూసి పోయారు. విమానం, బస్సు, హాలు, మళ్ళీ బస్సు. అంత దూరం వచ్చి సొంత కాళ్ళతో నడిచి చూసింది ఒక్కటి లేదు. ఈ గోడ ఒక్కటన్నా ఎక్కి చూడాలని ఆమె పట్టు. మరునాడే తిరుగు ప్రయాణం.

బస్సు ఆగింది. అందరూ కోట్లు సర్దుకుంటుంటే సుశీలమ్మ వచ్చి జమ్లి పక్కన కూర్చుంది. హైదరాబాదు ఆఫీసరు, ఈ ఏడుగురికీ లీడరు. చెడ్డ మనిషి కాదు. కాకపోతే అనుకున్న పని అనుకున్నట్టు జరగకపోతే ఊపిరాడని మనిషి. చేతిలో గుడ్డ సంచి ఉంది. అందులోంచి తెల్ల గాజులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మోచేతి పైన భుజందాకా తొడిగే వెడల్పాటి గాజులు. వెనకటికి ఏనుగు దంతంతో చేసేవారు, ఇప్పుడు ప్లాస్టిక్.

"జమ్లీ, పైన చైనా ఆఫీసర్లు మన కోసం చూస్తున్నారు. ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. గోడ మీద నువ్వు ఫుల్ డ్రెస్సులో నిలబడితే ఆ ఫోటో వచ్చే ఏడు మన పుస్తకం మీద వేస్తాం. ఇవి తొడుక్కో."

"ఇవి నాకు పనికిరావు మేడం."

"సైజు చూసే తెచ్చాను."

"సైజు కాదు. నా మొగడు సచ్చిపోయిండు."

సుశీలమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. సంచిలోంచి ఒక ఫోటో తీసి చూపించింది. జమ్లిని ఎంచింది ఆ ఫోటో చూసే. అందులో ఆమె గుమ్మంలో కూర్చుని నవ్వుతోంది, రెండు చేతులకూ మోచేయి దాటి తెల్లగా గాజులు మెరుస్తున్నాయి. ఆ ఫోటో తీసుకుపోయిన రెండు నెలలకు జమ్లి మొగుడు రూప్‌సింగ్‌కు జ్వరం వచ్చింది. దవాఖానాకు చేర్చేలోపు పోయాడు. చైనా కబురు వచ్చేసరికి ఆ ఫోటోలో మనిషి ఉంది, గాజులు లేవు. సంస్థవాళ్ళకు ఆ ముచ్చట ఎవరు చెప్తారు?

తండాలో మొగుడు బతికున్న ఆడదే మోచేతి పైన గాజులు తొడగాలి. పోతే తీసెయ్యాలి. అది కట్టు. రూప్‌సింగ్ దినాలనాడు అతని అన్న లచ్చిరాం, తండాకు పెద్ద అయిన నాయక్ కూడా అతనే, తియ్యమన్నాడు. జమ్లి తియ్యనంది. పెళ్ళినాడు తొడిగినవి, ముప్పై ఏళ్ళు మట్టి తట్ట ఎత్తినా జరగనివి, నా తోలు లెక్క అయినయి, ఉండనియ్యండ్రి అంది. ఎవరు వింటారు? నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని, సబ్బు నీళ్ళు పోసి ఒకటొకటే లాగారు. ఆమె ఏడ్చిన ఏడుపుకు, ఇది మొగుడి కోసం ఏడుస్తోందా గాజుల కోసం ఏడుస్తోందా అని నోళ్ళు నొక్కుకున్నారు. రెండింటి కోసమూ ఏడ్చింది. ఏడిస్తే ఎవరి సొమ్మేం పోయింది?

ఇదంతా జమ్లి నాలుగు ముక్కల్లో చెప్పింది. సుశీలమ్మ "అయ్యో" అంది. నిజంగానే అంది. తర్వాత మెల్లగా, "ఇక్కడ మీ తండావాళ్ళెవరూ లేరు కదా. ఎవరు చూడొచ్చారు? పది నిమిషాల పని," అంది.

అబద్ధమెందుకు, ఆ గాజులు చూడగానే జమ్లి చేతులు లాగాయి. రెండేళ్ళయినా రాత్రి పక్క మీద ఒత్తిగిలినప్పుడు చెయ్యి తేలిగ్గా తగిలి ఉలిక్కిపడుతూనే ఉంది. ఒక గాజు తీసుకుని బొటనవేలితో అంచు రాసి చూసింది. మంచి పనే.

"ఫోటో అయినంక?" అని అడిగింది.

"అయ్యాక ఇచ్చెయ్. హాల్లో పెట్టే వస్తువులివి, మళ్ళీ బొంబాయిలో పెట్టాలి."

జమ్లి గాజు తీసి సుశీలమ్మ ఒళ్ళో పెట్టేసింది.

"అయితే వద్దు."

"అదేమిటి? ఇప్పుడే బాగా చూశావు కదా."

"చూసిన. మంచిగున్నయ్. కానీ ఇనుండ్రి మేడం. ఒకసారి వాళ్ళు తియ్యమంటే తీసిండ్రు. ఇయ్యాల మీరు తొడగమంటే తొడగాలె, గంటైనంక తియ్యమంటే మల్ల తియ్యాలె. ఈ చేతులు నాయా, మీ అందరియా?"

సుశీలమ్మ ముఖం ఎర్రబడింది. ఇద్దరు ముగ్గురు తల తిప్పి చూస్తున్నారు. పెద్ద ఆఫీసరు పదిమందిలో మాట పడితే ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు.

"సరే. డ్రెస్సు లేకపోతే ఫోటోలో నువ్వు లేవు. బస్సులోనే కూర్చో. వచ్చేసారి లిస్టులో మీ తండా పేరుంటుందని కూడా అనుకోకు," అని లేచింది. దిగుతున్న ఆదినారాయణ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. "పో నువ్వు," అని జమ్లి చెయ్యి ఊపింది.

బస్సులో డ్రైవరు, జమ్లి, లిన్ అనే చైనా పిల్ల మిగిలారు. లిన్ దుబాసీ. పాతికేళ్ళుంటాయి. కాలేజీలో హిందీ చదువుకుంది. సంస్థవాళ్ళకు తెలుగు, ఇంగ్లీషు వచ్చు, హిందీ అంతంత మాత్రం. జమ్లికి హిందీ రాదు గానీ, లంబాడీ మాటకూ దానికీ చుట్టరికం ఉంది. వారం రోజులుగా ఈ ఇద్దరూ చెరో భాషలో మాట్లాడుకుంటూ ఒకరికొకరు అర్థమవుతున్నారు. సుశీలమ్మకు మాత్రం ఇద్దరి మాటా అందలేదు.

"అమ్మా, మీరు దిగలేదేం?" అంది లిన్.

"నీ డ్యూటీ ఏంది బిడ్డా?"

"అతిథులను ఒంటరిగా వదలకూడదు. ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్ళాలి."

"మంచిది. నేను గోడ మీదికి పోతున్న. నువ్వూ నడువు."

"మరి మేడం ఏమంటారో?"

"గాజులు తొడగకుంటే ఫోటో లేదన్నది. ఫోటో నాకెందుకు? నాకు గోడ కావాలె."

లిన్ రెండుసార్లు కళ్ళార్పి, పకపకా నవ్వి, ముందు తనే దిగింది.

చలి అంటే అది చలి. మన అడవిలో మాఘమాసపు చలికి మంట వేసుకుంటే పోతుంది. ఇది మంటకు లొంగే రకం కాదు. చైనావాళ్ళు ఇచ్చిన దూది కోటు మోకాళ్ళదాకా ఉంది, దాని కింద అద్దాల లంగా. కాళ్ళకు సంస్థ ఇచ్చిన బూట్లు రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డ కుక్కింది. గోడ మీదికి ఎక్కగానే దారి రెండు వైపులా చీలింది. కుడివైపు మెట్లు నెమ్మదిగా ఉన్నాయి. సుశీలమ్మ, మిగతావాళ్ళు, చైనా ఆఫీసర్లు అటే పోయారు. ఎడమవైపు నిచ్చెనలా లేచింది. ఆ చివర కొండ కొన మీద బురుజు.

"అటు కష్టం అమ్మా," అంది లిన్.

"కష్టమైతే జనం ఉండరు," అని జమ్లి ఎడమవైపు తిరిగింది.

మెట్లు ఒక్కోటి మోకాలెత్తు. మంచు గడ్డకట్టి కొన్నిచోట్ల అద్దంలా జారుతోంది. గోడ పక్కన ఇనుప కడ్డీ పట్టుకుని ఎక్కింది. ఎక్కుతూ రాళ్ళు చూసింది. సందుల్లో సున్నం చూసింది, తడిమింది, గోరుతో గీకింది. కూసుమంచి పాత గుడి రాళ్ళు చూసిన కళ్ళకు ఇవి చిన్నవే, కానీ ఇంత ఎత్తుకు మోసుకొచ్చి ఇంత పొడుగున పేర్చడం మాటలా. గోడ అంచున రాతి మూతులు బయటికి పొడుచుకుని కనబడ్డాయి. వెంటనే ఆగిపోయింది.

"నీళ్ళు లేవన్నరు. మరి ఈ తూములేంది?"

"వాన నీళ్ళు గోడ మీద నిలవకుండా పోవడానికి."

"మరి గోడ దేనికి?"

"ఉత్తరం నుంచి గుర్రాల మీద దండెత్తి వచ్చేవాళ్ళను ఆపడానికి."

జమ్లి అటూ ఇటూ చూసింది. గోడకు అటు అవే కొండలు, ఇటు అవే కొండలు, రెండువైపులా ఒకటే మంచు.

"ఆగిండ్రా?"

లిన్ నవ్వింది. "లేదమ్మా. కొన్నిసార్లు ఆగారు. చివరికి లోపలివాళ్ళే ఒక చోట తలుపు తీసి రానిచ్చారు."

"గింత గోడ కట్టి?" జమ్లికి నిజంగానే కోపం వచ్చింది. కట్టించిన రాజు మీద కాదు, మోసినవాళ్ళ తరఫున వచ్చింది. ఎన్ని తట్టలు, ఎన్ని నడుములు, ఎంతమంది ఇక్కడే చచ్చి ఉంటారు. అవతలివాడు రాకూడదని ఎవడో గీత గీస్తే వీళ్ళు నెత్తిన మోశారు. ఆ గీత కూడా నిలబడలేదు. "మోసినోళ్ళని ఒక్క మాట అడిగిండ్రా, దేనికి ఈ కట్ట అని?" అంది.  జమ్లి మళ్ళీ ఎక్కడం మొదలుపెట్టింది.

సగం ఎక్కేసరికి గొంతు మండింది, పక్కటెముకల కింద పట్టేసింది. యాభై దాటిన ఒళ్ళు. కూర్చుంటే లేవలేనని తెలుసు కాబట్టి కూర్చోలేదు. కోటు గుండీలు ఊడదీసింది. గాలికి కోటు చెంగులు లేచి లంగా మీది అద్దాలు ఎండకు తళుక్కుమన్నాయి.

అదే కొంప ముంచింది, లేదా నిలబెట్టింది, ఎట్లా అనుకుంటే అట్లా. కుడివైపు బురుజు దగ్గర ఫోటోకు నిలబడ్డ చైనా పెద్ద ఆఫీసరు కంటికి ఎదురుగా కొండ మీద ఆ తళుకు కనబడింది. ఆయన వేలు చూపించి, ఆ మనిషి అక్కడికి ఎక్కగలిగిందా అని మురిసిపోయి, ఫోటో అక్కడే తీయాలన్నాడు. పెద్దాయన నడిస్తే అందరూ నడవాలి. సుశీలమ్మ ఆ సంచి పట్టుకుని దిగి, మళ్ళీ ఎడమవైపు మెట్లన్నీ ఎక్కింది. పాపం, ఆమెకూ యాభై ఉంటాయి.

పైకి చేరేసరికి ఆమె నోట మాట రాలేదు. బురుజు గడప మీద కూలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని రొప్పుతోంది. జమ్లి తన మఫ్లరు తీసి ఆమె చెవులకు చుట్టింది.

"నిదానంగా ఊపిరి పీల్సుండ్రి. మాట్లాడకుండ్రి."

కాసేపటికి సుశీలమ్మ తేరుకుంది. "బస్సులో కూర్చోమన్నాను నిన్ను."

"అవ్, అన్నరు."

"ఇప్పుడు ఆయన నీతోనే ఫోటో అంటున్నాడు. కింద అందరికీ నీ పాత ఫోటో చూపించి ఉన్నాను, గాజులేవి అని అడుగుతున్నారు. నా పరువు తియ్యకు జమ్లీ. పది నిమిషాలు."

జమ్లి కోటు ఒక చెయ్యి విడిచి, రవిక చేతిని భుజందాకా పైకి లాగింది. ఆ చలిలో ఒళ్ళు జలదరించింది. మోచేతి పైన చర్మం పట్టీలు పట్టీలుగా పాలిపోయి ఉంది. ముప్పై ఏళ్ళు ఎండ తగలని చోటు. కిందంతా నల్లగా కాలింది, పైన మాత్రం పన్నెండు తెల్ల గీతలు. గాజు లాగినప్పుడు చీరుకుపోయిన మచ్చ ఒకటి.

"చూడుండ్రి. నా తోలు ఇంకా ఒప్పుకోలే, నేనెట్ల ఒప్పుకుంట? తొడుక్కోవాల్నని నాకు లేదనుకున్నరా? మీకంటె నాకే ఎక్కువున్నది. కానీ తొడిగితే మల్ల తియ్య. బొంబాయికి పంపాల్నంటే ఇప్పుడే తీస్కపోండ్రి."

సుశీలమ్మ ఆ చెయ్యి వైపు చూసింది. చైనా పెద్దాయన చలికి కాళ్ళు నేలకు కొట్టుకుంటున్నాడు. ఫోటోగ్రాఫరు కెమెరాను కోటు లోపల దాచుకున్నాడు. ఆదినారాయణ అప్పుడే పైకి చేరాడు.

"ఉంచుకో," అంది సుశీలమ్మ చివరికి. "తిరిగి అడగను."

"మీరడగరు. మీ మీదోళ్ళు అడిగితే?"

"నేను చెప్పుకుంటాను. ఇవి నీవి."

ఆమె తనే తొడగబోయింది. జమ్లి చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దు మేడం. నేనే తొడుక్కుంట."

గాజులు బిగుతుగా ఉన్నాయి. సబ్బు లేదు, నూనె లేదు. బురుజు గోడ మీది మంచు పిడికిట తీసుకుని చేతికి రాసింది. వేళ్ళు కొంకర్లు పోతున్నా ఒక్కో గాజు ఎక్కించింది. పన్నెండు ఒక చేతికి, పన్నెండు ఇంకో చేతికి. ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేరు. అంత పెద్ద ఆఫీసర్లు ఆ గాలిలో ఆమె కోసం నిలబడ్డారు. కళ్ళ నీళ్ళు చలికి వచ్చాయని ఆమె అంటుంది, మనం నమ్మాలి.

ఫోటో తీశారు. తర్వాత కోటు చేతులు గాజుల మీదికి ఎక్కలేదు. కోటు భుజాల మీద వేసుకుని దిగింది.

"అక్కా, ఈడ సరే," అన్నాడు ఆదినారాయణ పక్కన నడుస్తూ. "తండాల ఏం జెప్తవ్? లచ్చిరాం ఊకుంటడా?"

"జెప్పేదేమున్నది. రెండు చేతులున్నయ్, కళ్ళున్నోడు సూస్తడు."

దారిలో ఢిల్లీ వచ్చింది, హైదరాబాదు వచ్చింది, ఖమ్మం బస్టాండు వచ్చింది. ప్రతి చోటా తీసే వీలుంది. తీసి సంచిలో వేసుకుని తండాలోకి పోతే ఎవరికీ తెలిసేది కాదు. ఖమ్మంలో అడవి వైపు బస్సు ఎక్కేటప్పుడు ఆదినారాయణ శాలువా ఇస్తానన్నాడు, కప్పుకొమ్మని. ఎండగా ఉంది, వద్దంది.

తండాకు చేరేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. చైనా పోయొచ్చిన మనిషిని చూడ్డానికి అందరూ వాకిళ్ళలోకి వచ్చారు. మొదట నవ్వులు వినబడ్డాయి, తర్వాత ఒక్కొక్కరే ఆగిపోయారు. లచ్చిరాం మంచం మీంచి లేచి వచ్చాడు. మామూలుగా అయితే బావ ఎదురుపడితే జమ్లి ముసుగు ముఖం మీదికి లాక్కోవాలి. లాక్కోలేదు.

"ఎవడు తొడిగిండు అవి?" అన్నాడు.

"నేనే తొడుక్కున్న."

"తియ్యి."

"తియ్య. తీయాల్ననుంటే నువ్వే తియ్యి బావా," అని రెండు చేతులూ అతని ముందుకు చాపింది.

తండాలో తమ్ముడి పెళ్ళాన్ని బావ తాకకూడదు. వేలు కూడా తగలనియ్యకూడదు. అది కూడా కట్టే, గాజుల కట్టు కంటే గట్టిది. లచ్చిరాం తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ముఖం కందగడ్డ అయింది. ఆడవాళ్ళ వైపు తిరిగి, "ఏం సూస్తున్నరు? పట్టుకోండ్రి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఆ ఆడవాళ్ళలో కమ్లి తలొంచుకుంది. రూప్లి చీపురు కింద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది గానీ అడుగు వెయ్యలేదు.

"సోమ్లీ, నువ్వన్నా లే," అన్నాడు. సోమ్లి తండాకంతా పెద్దది. నలభై ఏళ్ళ కింద తన గాజులు తీసేశారు. అప్పటి నుంచీ తండాలో ఎవరి గాజులు తియ్యాలన్నా ముందు ఆమెనే పిలుస్తారు.

సోమ్లి అరుగు మీంచి లేవలేదు. తన రెండు ముడతల చేతులనూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది.

"నా చేతులు లేస్తలేవు నాయక్," అంది. "ఇంకెవలనన్నా పిలుసుకో."

లచ్చిరాం వాకిలంతా కలయజూశాడు. జమ్లి చేతులు చాపి అట్లాగే నిలబడింది.